పెళ్లి ఫొటోలకి ఆటోఫోకస్ ఎంత మెరుగైతే కెమెరా మార్చాలి: డీ750 పక్కన జెడ్5-2 పెట్టి చేసిన టెస్టుల డైరీ

ఇది పెళ్లిళ్ళు తీసేవాళ్ళ కోసం రాస్తున్న డైరీ. పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఇంకా బాగానే పనిచేస్తుంటే, అద్దం లేని మిర్రర్‌లెస్‌కి మారితే ఆటోఫోకస్‌లో నిజంగా ఎంత తేడా వస్తుందో కొలుచుకోవడానికి నేను పాటించిన పద్ధతి, అందులో పనిచేయనివి, మార్చుకున్నవి రాశాను. అంకెలు నా లెన్సులవి, మా ఊరి కల్యాణ మండపాల వెలుగువి. మీకు అవే రావాలని లేదు, పద్ధతిని మాత్రం ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు.

సామాను

- పాత బాడీ: నికాన్ డీ750. 2014 మోడల్, 24.3 మెగాపిక్సెల్, 51 ఫోకస్ పాయింట్లు, వాటిలో క్రాస్ టైప్ (అడ్డ, నిలువు గీతలు రెండూ చూసేవి) 15.
- అద్దె బాడీ: నికాన్ జెడ్5-2. 2025 మోడల్, 24.5 మెగాపిక్సెల్. దానితో పాత లెన్సులు దానికి తగిలించే ఎఫ్‌టీజెడ్-2 అడాప్టర్.
- లెన్సులు: 85 ఎఫ్/1.8జి, 24-70 ఎఫ్/2.8జి, 70-200 ఎఫ్/2.8జి, 50 ఎఫ్/1.8డి. (ముందు అంకె మిల్లీమీటర్లు. ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది.)
- ట్రైపాడ్, అడుగు స్టీలు స్కేలు, న్యూస్‌పేపర్, ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్, ఫోన్ స్లోమోషన్ వీడియో, ల్యాప్‌టాప్‌లో నికాన్ వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఎన్‌ఎక్స్ స్టూడియో.

రెండు బాడీలకీ అవే లెన్సులు వాడాను. కొత్త బాడీకి కొత్త లెన్సు, పాతదానికి పదేళ్ళ లెన్సు పెట్టి పోలిస్తే మీరు కొలిచేది లెన్సునే.

దశ 1: పారేసిన ఫొటోల లెక్క

కొత్త కెమెరా కంటే ముందు పాత హార్డ్‌డిస్క్ తీయండి. గత సీజన్ పెళ్లిళ్ళలో రిజెక్ట్ ఫోల్డర్‌లో పడ్డవాటి నుంచి 600 ఫ్రేములు వరసగా తీసుకుని, ఒక్కోటి ఎందుకు పోయిందో ఎక్సెల్‌లో రాసుకున్నాను.

1. 100 శాతం జూమ్ చేసి మొహం చూడండి.
2. మొహం మెత్తగా ఉండి, చెవి గానీ పూలజడ గానీ వెనక ఉన్న అత్తయ్యగారి చీర అంచు గానీ పదునుగా ఉంటే అది ఫోకస్ తప్పు.
3. ఫ్రేములో ఎక్కడా పదును లేకపోతే, లేదా కదలని స్తంభం పదునుగా ఉండి మనిషి మాత్రం ఒక దిక్కుకి సాగినట్టుంటే అది షట్టర్ స్పీడ్ తప్పు. దానికి ఆటోఫోకస్‌తో సంబంధం లేదు.
4. ఎన్‌ఎక్స్ స్టూడియోలో ఫోకస్ పాయింట్ చూపించమని పెట్టండి. పాయింట్ కంటి మీదే ఉండి కన్ను మెత్తగా ఉంటే ఒక జబ్బు, పాయింట్ అసలు వేరేచోట ఉంటే ఇంకో జబ్బు. రెండింటికీ మందు వేరు.

వచ్చిన లెక్క ఇది:

- కళ్ళు మూసుకున్నవి: 171
- షట్టర్ స్పీడ్ చాలక సాగినవి: 148
- పాయింట్ కంటి మీదే ఉండి ఫోకస్ ముక్కు మీదకి వచ్చినవి: 112
- మధ్య పాయింట్‌తో పట్టి ఫ్రేము పక్కకి తిప్పినవి: 66
- మధ్యలో బియ్యమో, చెయ్యో, అడ్డుతెరో వచ్చినవి: 74
- మిగతావి: 29

సాగిన 148లో చాలావాటికి షట్టర్ స్పీడ్ 1/80కీ 1/125కీ మధ్యలో ఉంది. వీటిని ఏ కొత్త కెమెరా ఫోకస్సూ కాపాడదు, కనీసం 1/250 పెట్టుకోవడం ఒక్కటే దారి. షాపులో నిలబడి "నా కెమెరా ఫోకస్ సరిగ్గా పట్టట్లేదండీ" అనేవాళ్ళలో ఎంతమంది ఫొటోలు నిజానికి ఈ 148 రకం అయ్యుంటాయో అని నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే అది లక్షల మీద ఖర్చుపెట్టి కూడా తీరని సమస్య.

నడుస్తున్న లెక్క: 600లో ఫోకస్ తప్పులు 112 + 66 + 74 = 252.

దశ 2: మండపం వెలుగు, ఈవీ అంకెలు

స్పెక్ షీటులో కళ్ళు చెదిరే అంకె తక్కువ వెలుగుది. దాన్ని ఈవీల్లో చెప్తారు, ఒక ఈవీ (ఒక స్టాపు) తగ్గితే వెలుగు సగమైనట్టు. డీ750 మైనస్ 3 ఈవీ దాకా పడుతుందని రాసి ఉంటుంది, జెడ్5-2 మైనస్ 10 దాకా అని. ఏడు స్టాపుల తేడా అనగానే మన పని ఏడు స్టాపులు తేలికైనట్టు అనిపిస్తుంది. అసలు మన పని ఏ వెలుగులో జరుగుతోందో కొలిచి చూద్దామని ఫోన్‌ని పెళ్లికూతురి మొహం ఉండేచోట, ఫోన్ స్క్రీన్ కెమెరా వచ్చే దిక్కుకి ఉండేలా పెట్టి లక్స్ తీసుకున్నాను.

లెక్క తేలికే: 2.5 లక్స్ అంటే సుమారు 0 ఈవీ, లక్స్ రెట్టింపైన ప్రతిసారీ ఒక ఈవీ పెరుగుతుంది.

- మండపం మీద, వీడియోవాళ్ళ లైట్లు వెయ్యకముందు: 180 లక్స్, అంటే 6 ఈవీకి కాస్త పైన.
- అర్ధరాత్రి ముహూర్తం అయ్యాక బయట అరుంధతి చూపించేచోట, దూరంగా ఒక ట్యూబ్‌లైట్: 12 లక్స్, అంటే 2.3 ఈవీ.

ఫోన్ లక్స్ మీటర్ ఖచ్చితం కాదు, అయినా ఒక స్టాపు అటూఇటూ అయినా ఇక్కడ కథ మారదు. మైనస్ 3 ఈవీ అంటే ఇంచుమించు పున్నమి వెన్నెల వెలుగు. మన మండపంలో దానికి 500 రెట్లకు పైగా వెలుగు ఉంది. పైగా మైనస్ 10 అన్న అంకెని కంపెనీ కొలిచింది ఎఫ్/1.2 లెన్సుతో, కదలని వస్తువు మీద పట్టే ఏఎఫ్-ఎస్ మోడ్‌లో. మీ సంచిలో ఎఫ్/1.2 ఉందా?

మరి మండపంలో డీ750 ఎందుకు వెతుకులాడుతుంది? వెలుగు తక్కువై కాదు, పట్టుకోవడానికి గీత లేక. మధుపర్కాలు కట్టుకుని కూర్చున్న జంట మీద పాయింట్ పెడితే తెల్లటి గుడ్డ తప్ప ఏమీ ఉండదు. అదే పాయింట్‌ని నాలుగు వేళ్ళు జరిపి ఎర్ర అంచు మీద పెడితే చటుక్కున పడుతుంది. అదే హాలు, అదే వెలుగు.

దీనితో ఈవీ అంకెని పోలిక పట్టికలో నుంచి తీసేశాను. కొనడానికి అది కారణం కాదు.

దశ 3: పాత బాడీని సరిచేయడం

ముక్కు మీదకి వచ్చిన 112 ఫొటోలకి కారణం ఆటోఫోకస్ (ఏఎఫ్) బలహీనత కాదు, కొలతలో తేడా. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ చూసే సెన్సర్ వేరు, ఫొటో తీసే సెన్సర్ వేరు. అద్దం వెనకున్న చిన్న అద్దం కొంత వెలుగుని కిందకి పంపితే అక్కడున్న ఏఎఫ్ సెన్సర్ లెక్క కడుతుంది. ఆ దారి పొడవూ అసలు సెన్సర్ దాకా ఉన్న దారి పొడవూ వెంట్రుకవాసి తేడా వచ్చినా ఎఫ్/1.8 దగ్గర బయటపడిపోతుంది. 85 ఎంఎం లెన్సుతో 2 మీటర్ల దూరంలో ఎఫ్/1.8 పెడితే పదునుగా ఉండే లోతు మామూలు లెక్కలో 6 సెంటీమీటర్లు. కానీ మనం వేసేది 12×36 ఆల్బమ్. ఒక ఫొటో సగం షీటు, అంటే 12×18 అంగుళాలు నిండితే 300 డీపీఐకి 3600×5400 పిక్సెళ్ళు కావాలి, 24 మెగాపిక్సెల్ ఫొటోలో దాదాపు అన్నీ అయిపోతాయి. అలా చూస్తే నిజంగా పదునున్న లోతు 3 సెంటీమీటర్లే, కంటికి ముందు సెంటీమీటరున్నర, వెనక సెంటీమీటరున్నర.

చేసిన పని:

1. నిలబెట్టిన అట్టకి న్యూస్‌పేపర్ అంటించి, దాని అంచు పక్కన స్కేలుని 45 డిగ్రీల వాలుతో నిలబెట్టాను. స్కేలు మధ్య గీత పేపర్‌తో సమానంగా ఉండాలి.
2. ట్రైపాడ్ మీద కెమెరా, ఏఎఫ్-ఎస్, మధ్య పాయింట్, ఎఫ్/1.8, సెల్ఫ్ టైమర్.
3. ముందు లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఫోకస్ చేసి ఒక ఫొటో. అది అసలు సెన్సర్ మీద చూసి పట్టిన ఫోకస్ కాబట్టి అదే కొలమానం.
4. ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఫోకస్‌ని కొంచెం ముందుకో వెనక్కో జరిపే సెట్టింగ్) మైనస్ 15 నుంచి ప్లస్ 15 దాకా ఐదేసి చొప్పున మారుస్తూ ఒక్కో విలువకి పది ఫొటోలు. ప్రతి ఫొటోకీ ముందు ఫోకస్ రింగుని ఒకసారి దూరానికి, ఒకసారి దగ్గరికి తిప్పి చెడగొట్టాలి. ఇది మానేస్తే కెమెరా ముందు ఫొటోలో ఉన్నచోటే ఆగిపోయి అన్నీ ఒకేలా వస్తాయి.
5. లైవ్ వ్యూ ఫొటోకి దగ్గరగా ఉన్న రెండు విలువల మధ్య ఒక్కొక్కటిగా మార్చి తేల్చుకోవాలి.

85కి ప్లస్ 8 దగ్గర కుదిరింది. (ప్లస్ వైపు పెడితే ఫోకస్ కెమెరాకి దూరంగా జరుగుతుంది, కాబట్టి ఫోకస్ ముందుకు పడే లెన్సుకి ప్లస్ కావాలి.)

ఇంతలో ఒక చిక్కు. మధ్యాహ్నం కిటికీ వెలుగులో పెట్టిన ప్లస్ 8, రాత్రి పసుపు బల్బు కింద చూస్తే చాలలేదు, ప్లస్ 11 కావాల్సి వచ్చింది. వెలుగు రంగుని బట్టి ఫేజ్ డిటెక్షన్ సెన్సర్ (పైన చెప్పిన ఏఎఫ్ సెన్సరే) లెక్క కొంచెం జరుగుతుంది. మండపాల్లో మనకి ఎక్కువ ఉండేది పసుపు వెలుగే కాబట్టి ప్లస్ 10 దగ్గర ఉంచేశాను. టెస్టు మీరు పనిచేసే వెలుగులో, మీరు నిలబడే దూరంలో చెయ్యండి.

24-70 అయితే అసలు కుదరలేదు. 70 దగ్గర ప్లస్ 6, 24 దగ్గర మైనస్ 2 అడుగుతోంది, బాడీలో లెన్సుకి ఒకటే విలువ పెట్టుకోగలం. 24 దగ్గర లోతు ఎక్కువ కాబట్టి తప్పు కనపడదు, 70 మాట విని ప్లస్ 5 పెట్టాను. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ చూసేదీ ఫొటో తీసేదీ ఒకే సెన్సర్ కాబట్టి ఈ తతంగమంతా దాదాపు అక్కర్లేదు. అది నిజమైన లాభం, ఒప్పుకుంటాను, కానీ ఒక సాయంత్రం కూర్చుంటే పాతదానిలో కూడా చాలావరకు తీరిపోయే సమస్య.

ఈ పని చెయ్యకుండా పాత కెమెరాని కొత్తదాని పక్కన పెడితే కొత్తది ఎప్పుడూ గెలుస్తుంది. నా దృష్టిలో ఈ డైరీ మొత్తంలో ముఖ్యమైన దశ ఇదే.

నడుస్తున్న లెక్క: 252లో 112 కొట్టేశాను. కొత్త బాడీ సంపాదించి పెట్టాల్సింది మిగిలిన 140. టెస్టు ఫ్రేములు: 210, ఒకటొకటిగా తేల్చుకోవడానికి తీసినవి కాక.

దశ 4: ఫ్రేము అంచుల్లో

ఇక్కడి నుంచి అద్దె బాడీ పని మొదలు. మార్కులు ఇలా: కనురెప్ప వెంట్రుకలు 100 శాతంలో విడివిడిగా కనిపిస్తే ఏ, ఆల్బమ్‌లో చిన్న ఫొటోగా సరిపోతే బీ, పారేసేదైతే సీ. ఏ ఫొటో ఏ కెమెరాదో తెలిస్తే చెయ్యి అటు మొగ్గుతుంది కాబట్టి మా అసిస్టెంట్ కుర్రాడితో ఫైళ్ళ పేర్లు మార్పించి, వరస కలిపేసి ఇమ్మన్నాను.

అడ్డుతెరకి అటూ ఇటూ జంట కూర్చున్నప్పుడు మొహాలు ఫ్రేములో చెరో చివర ఉంటాయి. డీ750లో పాయింట్లు మధ్యలో గుమికూడి ఉంటాయి, ఆ మొహాల దాకా చేరవు. మనం చేసేది మధ్య పాయింట్‌తో కన్ను పట్టి ఫ్రేము తిప్పడం. తిప్పితే ఏమవుతుందో లెక్క చూడండి: 2 మీటర్ల దగ్గర 8 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం కంటికి 19 మిల్లీమీటర్లు వెనక్కి పోతుంది. పైన చెప్పిన సెంటీమీటరున్నర దాటిపోయింది, అంటే కన్ను పోయి చెవి పోగు పదునుగా వస్తుంది.

85 ఎఫ్/1.8తో, మా అక్క కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో పద్ధతికి 40 ఫ్రేములు:

- డీ750, పట్టి తిప్పితే: ఏ 17, బీ 14, సీ 9
- డీ750, చిట్టచివరి పాయింట్‌తో, కొంచెం వెడల్పుగా తీసి తర్వాత కత్తిరించేలా: ఏ 26, బీ 9, సీ 5
- జెడ్5-2, కంటి గుర్తింపుతో, మొహం అంచునే: ఏ 37, బీ 2, సీ 1

చివరి పాయింట్లు క్రాస్ టైప్ కావు, ఒక దిక్కు గీతల్నే చూస్తాయి, రెండో వరస తడబాటు అందుకే. మూడో వరస మాత్రం నేను అనుకున్నదాని కంటే బాగుంది. బాసికం కట్టి, మొహం దించుకుని, ఒక కన్ను పూల దండ చాటున ఉన్నా రెండో కంటిని వదల్లేదు.

నడుస్తున్న లెక్క: టెస్టు ఫ్రేములు 210 + 120 = 330.

దశ 5: తలంబ్రాలు

అన్నిటికంటే ఎక్కువసేపు చేసిన టెస్టు ఇదే. రెండు వైపుల నుంచి పసుపు బియ్యం ఎగురుతుంటాయి, మధ్యలో నవ్వుతున్న మొహం, ఆ నవ్వు రెండోసారి రాదు.

మొదట ఇంట్లో ఒక్క పిల్లాడితో బియ్యం చల్లించి చూస్తే రెండు కెమెరాలూ నూటికి తొంభై పైన పట్టేశాయి. అది టెస్టే కాదని అర్థమైంది, పల్చగా పడే బియ్యం ఏ కెమెరాకీ అడ్డు కాదు. అప్పుడు మార్చినవి:

1. మా అక్క కూతురు, అసిస్టెంట్ ఎదురెదురుగా పీటల మీద. చల్లేవాళ్ళు నలుగురు.
2. బియ్యం మొహానికి అరమీటరు ముందు నుంచి, గుప్పెళ్ళతో, ఆగకుండా.
3. ఇప్పుడు పెళ్లిళ్ళలో వాడే థర్మోకోల్ పూసలు మూడో వంతు కలిపాను. బియ్యం గింజ కంటే ఇవే కెమెరాకి పెద్ద శత్రువు, తెల్లగా, పెద్దగా, నెమ్మదిగా పడతాయి.
4. 70-200 లెన్సు 135 దగ్గర, 4 మీటర్ల దూరం, ఎఫ్/2.8, 1/250, ఐఎస్‌ఓ 3200. ఏఎఫ్-సీ (కదిలేదాన్ని వెంటాడే మోడ్) ప్రయారిటీ రెండిట్లోనూ రిలీజ్ మీదే, అంటే ఫోకస్ కుదరకపోయినా నొక్కగానే ఫొటో పడుతుంది.

"మావయ్యా, పూసలు నోట్లోకి పోతున్నాయి" అంటూనే పాపం చివరిదాకా నవ్వుతూ కూర్చుంది.

అసలు సెట్టింగ్ పేరు ఫోకస్ ట్రాకింగ్ విత్ లాక్-ఆన్. రెండు బాడీల్లోనూ ఉంది. మధ్యలో ఏదైనా అడ్డొస్తే కెమెరా ఎంతసేపు ఓపిక పట్టాలో చెప్పే సెట్టింగ్ ఇది. ఫ్యాక్టరీ నుంచి 3 మీద వస్తుంది, 5 పెడితే అన్నిటికంటే ఎక్కువ ఓపిక. 120 ఫ్రేముల చొప్పున:

- డీ750, 9 పాయింట్ల డైనమిక్, లాక్-ఆన్ 3: ఏ 58, బీ 27, సీ 35
- డీ750, అదే, లాక్-ఆన్ 5: ఏ 74, బీ 25, సీ 21
- జెడ్5-2, కంటి గుర్తింపు, లాక్-ఆన్ 3: ఏ 83, బీ 18, సీ 19
- జెడ్5-2, అదే, లాక్-ఆన్ 5: ఏ 101, బీ 11, సీ 8

మొదటి వరసకీ రెండో వరసకీ తేడా చూడండి. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పారేసేవి 35 నుంచి 21కి దిగాయి. డీ750 ఉన్నవాళ్ళు ఈ పేజీ మూసేలోపే మెనూలో ఏ3 తెరిచి 5 పెట్టుకుని, దాన్ని యూ1లో (డయల్ మీద సొంత సెట్టింగులు దాచుకునే చోటు) సేవ్ చేసుకోండి. అన్నివేళలా 5 మీద ఉంచకండి, ఒక మనిషి మీద నుంచి ఇంకో మనిషి మీదకి వెంటనే మారాల్సినచోట అదే ఓపిక మనకి ఆలస్యమవుతుంది.

జెడ్5-2తో కూడా ఒక వైఫల్యం ఉంది. ఆటో-ఏరియా మోడ్‌లో పూసలు గుంపుగా మొహం మీద పడి కన్ను ఒక క్షణం పూర్తిగా కప్పితే, బాక్సు వెనక వరసలో నిలబడ్డ బంధువు మొహానికి దూకేస్తుంది. దూకాక తిరిగి రావడానికి తొందరపడదు, దాని దృష్టిలో అక్కడ మొహం బ్రహ్మాండంగా దొరికింది మరి. వైడ్-ఏరియా సీ1 మోడ్‌లో పెట్టె సైజు మనమే ఇవ్వొచ్చు. ఒక మొహం పట్టేంత పెట్టె పెట్టి దాని లోపలే కన్ను వెతకమన్నాక ఆ సమస్య పోయింది. పైన రాసిన 83, 101 అలా తీసినవే. సబ్జెక్ట్ డిటెక్షన్‌ని కూడా ఆటో మీద కాకుండా పీపుల్ మీద పెట్టండి.

నడుస్తున్న లెక్క: టెస్టు ఫ్రేములు 330 + 480 = 810.

దశ 6: గంపలో పెళ్లికూతురు

మేనమామలు పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మోసుకొచ్చేటప్పుడు వేగం సుమారు సెకనుకి మీటరు. 200 ఎంఎం, ఎఫ్/2.8, 5 మీటర్ల దగ్గర లోతు 10 సెంటీమీటర్లు. డీ750 సెకనుకి 6.5 ఫ్రేములు తీస్తుంది, అంటే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య మనిషి 15 సెంటీమీటర్లు ముందుకొచ్చేస్తుంది. ముందు ఫ్రేములో సరిగ్గా ఉన్న ఫోకస్ తర్వాత ఫ్రేముకి పనికిరాదు, కెమెరా ముందే ఊహించి లెన్సుని జరపాలి.

ఇంట్లో గంప ఎత్తించలేదు, ఇద్దరి మధ్యలో ఆ అమ్మాయి నడిచొచ్చేలా చేశాను, ఆ ఇద్దరూ అరడుగు ముందు. 15 ఫ్రేముల బరస్టులు పదేసి, బాడీకి 150:

- డీ750: ఏ 96
- జెడ్5-2, 3డీ ట్రాకింగ్: ఏ 121

తేడా ఉంది, కానీ దశ 4లో చూసినంత లేదు. నేరుగా ఎదురొచ్చే మనిషిని పాత ఫేజ్ డిటెక్షన్ ఇప్పటికీ బాగానే పడుతుంది, ఆ విషయంలో డీ750ని నేను తక్కువ చెయ్యను. జెడ్5-2 పోగొట్టుకున్నవాటిలో ఎక్కువభాగం పక్కనున్న మనిషి మొహాన్ని ఎంచుకున్నవే. మనిషి మొహం ఎక్కడుందో దానికి తెలుసు, ఎవరు పెళ్లికూతురో తెలియదు. బరస్ట్ మొదలెట్టేముందు పాయింట్ ఆ అమ్మాయి మొహం మీదే ఉందో లేదో చూసి అప్పుడు బటన్ సగం నొక్కితే అంటిపెట్టుకుని వస్తుంది.

నడుస్తున్న లెక్క: టెస్టు ఫ్రేములు 810 + 300 = 1110.

దశ 7: కొత్తదానికి కష్టమైనవి

ఇవి కొనేముందు తెలిస్తే తర్వాత టెన్షన్ ఉండదు.

*అడ్డ చారలు.* సెన్సర్ మీదుండే ఫేజ్ డిటెక్షన్ పిక్సెళ్ళు నిలువు గీతల్ని బాగా చూస్తాయి, కెమెరా మామూలుగా పట్టుకున్నప్పుడు అచ్చంగా అడ్డ గీతలే ఉన్నచోట తడబడతాయి. జరీ అంచు చీరని అంచు అడ్డంగా వచ్చేలా తాడు మీద ఆరేసి ఒకే పాయింట్‌తో ప్రయత్నిస్తే ముందుకీ వెనక్కీ వెతికింది. చీరని నిలువుగా తిప్పగానే పట్టేసింది. డీ750 మధ్యలోని క్రాస్ టైప్ పాయింట్లకి రెండూ ఒకటే. మొహాలకి ఈ బాధ లేదు, నగలు, పట్టుచీర అంచులు, మెట్టెలు, ఇలా క్లోజప్పులు తీసేటప్పుడు వస్తుంది. కెమెరాని పది డిగ్రీలు వాల్చి ఫోకస్ పట్టి మళ్ళీ నిటారు చెయ్యండి.

*ఎపర్చర్ (లెన్సు తెరుచుకునే కంత).* వ్యూఫైండర్‌లో చూసి తీసేటప్పుడు డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సు పూర్తిగా తెరిచి ఫోకస్ చేస్తుంది, ఫొటో తీసే క్షణంలోనే రేకులు మూస్తుంది. జెడ్ బాడీ మనం పెట్టిన ఎపర్చర్ దగ్గరే ఫోకస్ చేస్తుంది, ఎఫ్/5.6 దాకా. లెన్సు ముందు నుంచి టార్చి వేసి చూశాను: ఎఫ్/5.6 పెట్టగానే ఏడు రేకులూ దగ్గరికొచ్చి మధ్యలో చిన్న కంత మిగిలింది, సగం నొక్కినా తెరుచుకోలేదు. ఎఫ్/1.8కీ ఎఫ్/5.6కీ మధ్య మూడు స్టాపులకు పైనే వెలుగు పోతుంది. గ్రూప్ ఫొటోలకి ఫ్లాష్ పెట్టి ఎఫ్/5.6 వాడేవాళ్ళకి ఇది తగులుతుంది.

వేగం కొలవడానికి ఫోన్‌ని సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్‌లో పెట్టి, వెనక స్క్రీన్ మీద బాక్సు ఆకుపచ్చగా మారేదాకా ఫ్రేములు లెక్కపెట్టాను. ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. 85 లెన్సు, జెడ్5-2:

- 180 లక్స్, ఎఫ్/1.8: పావు సెకను
- 180 లక్స్, ఎఫ్/5.6: దాదాపు అంతే
- 12 లక్స్, ఎఫ్/1.8: మూడో వంతు సెకను
- 12 లక్స్, ఎఫ్/5.6: సెకనుకి కాస్త తక్కువ, రెండుసార్లు వెతికి

మండపంలో ఇబ్బంది లేదు, బయట చీకట్లో అప్పగింతల గ్రూప్ ఫొటోకి ఉంది. ముందు ఎపర్చర్ తెరిచి ఫోకస్ పట్టి, ఫోకస్‌ని బ్యాక్ బటన్‌తో (కెమెరా వెనకున్న ఫోకస్ బటన్) అక్కడే ఆపేసి, అప్పుడు మూసుకోవాలి.

*ఫ్లాష్ ఎర్ర గీతలు.* పాత ఫ్లాష్ చీకట్లో మొహం మీద వేసే ఎర్ర గీతల సాయం డీ750తో పనిచేస్తుంది, జెడ్ బాడీలతో వెలగదు. దాని మీద ఆధారపడ్డవాళ్ళు చిన్న ఎల్‌ఈడీ లైటు కొనాలి.

*స్క్రూ లెన్సులు.* 50 ఎఫ్/1.8డి లాంటి లెన్సుల్లో మోటారు ఉండదు, డీ750 బాడీలోని మోటారు తిప్పుతుంది. ఎఫ్‌టీజెడ్-2లో మోటారు లేదు, కాబట్టి ఆ లెన్సు జెడ్ మీద చేత్తో తిప్పుకోవాల్సిందే. మీ సంచిలో ఇలా మోటారు లేని డి లెన్సులు మూడు నాలుగు ఉంటే వాటిని మార్చే ఖర్చు కూడా బాడీ ధరకి కలిపి చూడండి.

దశ 8: తేల్చింది, పెట్టిన సెట్టింగులు

కొన్నాను. కారణం అంచుల్లో ఉండే మొహాలు, తలంబ్రాలు. ఆ 140లో ఎక్కువభాగం ఇక్కడే ఉంది, పాత బాడీని ఎంత సరిచేసినా అది దాటలేని గీత కూడా ఇక్కడే. తక్కువ వెలుగు కారణం కాదు. మీ రిజెక్ట్ ఫోల్డర్‌లో సాగినవీ, ముక్కు మీద ఫోకస్ పడ్డవే ఎక్కువుంటే మీరు ఇప్పుడు కొనొద్దు. మీరు ఎక్కువగా స్టేజి రిసెప్షన్లు, ఎఫ్/5.6 గ్రూపులు తీసేవాళ్ళైతే కూడా ఈ ఖర్చు ముందు లైట్ల మీద పెట్టండి, ఫలితం ఎక్కువ కనిపిస్తుంది.

డీ750 అమ్మలేదు. ఫైన్ ట్యూన్ చేసిన 85తో రెండో బాడీగా మెడలో ఉంటుంది, స్క్రూ 50 కూడా దానికే.

కొత్తదానిలో సేవ్ చేసినవి:

1. యూ1, తలంబ్రాలు: ఏఎఫ్-సీ, వైడ్-ఏరియా సీ1, పీపుల్, లాక్-ఆన్ 5, 1/250.
2. యూ2, నడక: 3డీ ట్రాకింగ్, పీపుల్, లాక్-ఆన్ 3, 1/500.
3. యూ3, నగలు: ఏఎఫ్-ఎస్, ఒకే పాయింట్, డిటెక్షన్ ఆఫ్.

ఇంకా తేలనిది ఒకటుంది. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణంలో అడ్డుతెర పైనుంచి రెండు కళ్ళే కనిపిస్తాయి, ముక్కూ నోరూ తెర చాటున ఉంటాయి. అప్పుడు కంటి గుర్తింపు కొన్నిసార్లు పడుతోంది, కొన్నిసార్లు తెర మీద రాసిన స్వస్తిక్‌ని పట్టుకుంటోంది. తెర బట్ట రంగుని బట్టి మారుతోందేమోనని తెల్లదీ, పసుపుదీ రెండు రకాలు కుట్టించాను. డిటెక్షన్ ఆపేసి ఒకే పాయింట్ కనుబొమ్మ మీద పెట్టి తీయడంతో దాన్ని పోల్చాలి. అంతవరకు ఆ ఒక్క ఫొటోకి డీ750నే ఎత్తుతున్నాను.